2 లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు: నెల్లూరు, ఒంగోలు వైపు కొనేవాళ్లు ఏమేం చూసుకోవాలి

ఎండాకాలం సెలవులు దగ్గర పడితే చాలు, తెలిసినవాళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, చేతిలో 2 లక్షలున్నాయి. ఇద్దరు పిల్లలతో బైకు మీద పోలేకపోతున్నాం. మంచి బండి ఏదన్నా ఉంటే చెప్పు." కావలి నుంచి ఒకరు, పొదిలి నుంచి ఒకరు, కోవూరు నుంచి ఇంకొకరు. అందరిదీ అదే మాట. ఫలానా బండి కొనుక్కోమని ఫోన్లో చెప్పేస్తే సరిపోదు. బండిని ఎట్లా చూడాలో తెలియాలి. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది చెప్తాను. కింద రాసిన జాగ్రత్తల్లో సగం అందులోంచి వచ్చినవే.

2022 మొదట్లో నెల్లూరులో ఒక పెట్రోల్ బండి కొన్నాను. కొత్త సీట్ కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల మంచి సెంటు వాసన. అదే మోడల్ బయట అమ్ముతున్న దానికంటే 40 వేలు తక్కువకే ఇస్తామన్నారు. సంతోషంగా తెచ్చుకున్నాను. మూడో నెలలో పవర్ విండో ఆగిపోయింది. తర్వాత మీటర్ బోర్డులో లైట్లు వాటంతట అవే వెలగడం మొదలైంది. ఎలక్ట్రీషియన్ డ్రైవర్ సీటు విప్పి, కింద ఉన్న వైరింగ్ కప్లర్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. లోపలి పిన్నులన్నిటికీ పచ్చటి చిలుము పట్టి ఉంది. కార్పెట్ ఎత్తితే పౌడర్ లాంటి సన్నటి ఒండ్రు వేళ్లకు అంటింది. "ఇది నీళ్లలో మునిగిన బండి అన్నా, సీటు దాకా వచ్చి ఉంటాయి" అన్నాడు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే కూడా తెగిపోయింది. ఆ వరదలో మునిగిన బండ్లలో ఇదొకటి. వైరింగ్ మార్పించడానికి, మిగతా రిపేర్లకు కలిపి 60 వేలు దాటింది. సీట్ బెల్ట్ ఒక్కసారి చివరిదాకా లాగి చూసి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది. నీటి మరక దాని మీదే ఉంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మంచి టార్చ్ లైటు (ఫోన్ లైటు వెలుగు బండి కిందికి చాలదు)
- చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి పలచటి గుడ్డ
- తెల్ల కాగితం, పెన్సిలు, పాత గుడ్డపీలిక
- ఫోన్లో ఎంపరివాహన్ యాప్ (నంబరు కొడితే బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్)
- ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్లో నమోదైన లోపాలు చూపించే పరికరం) దొరికితే మంచిది. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిసే చిన్నది ఆన్‌లైన్లో వెయ్యి రూపాయల లోపే వస్తుంది
- మీకు బాగా తెలిసిన మెకానిక్. అమ్మేవాళ్లు చూపించే మెకానిక్ వద్దు
- రెండు పొద్దుల ఖాళీ సమయం

1. డబ్బును రెండు భాగాలు చేయండి

మీ దగ్గర 2 లక్షలు ఉంటే బండికి 1 లక్షా 65 వేలు దాటనివ్వకండి. మిగిలిన 35 వేలు విడిగా ఉంచండి. పేరు మార్పు, ఇన్సూరెన్స్, ఆయిళ్లు, బ్యాటరీ, ఒకటో రెండో టైర్లు అన్నీ అందులోంచే రావాలి. ఎక్కువమంది చేసే మొదటి తప్పు ఇక్కడే. ఉన్నదంతా బండికి పెట్టేసి, నెల తిరక్కుండానే క్లచ్ పోతే వడ్డీకి తెస్తారు.

2. ఏ బండి అనేది మీ ఊరి మెకానిక్‌ను అడగండి

ఈ బడ్జెట్‌లో ఆల్టో 800, ఆల్టో కె10, వ్యాగన్ ఆర్, ఐ10, ఇయాన్ లాంటివి చూడండి. ఇంకాస్త పాతదైనా ఫర్వాలేదనుకుంటే శాంట్రో. మార్కాపురంలో చెడిపోయినా, గూడూరులో చెడిపోయినా వీటి సామాను దొరుకుతుంది, చేసేవాళ్లూ ఉంటారు. షెవర్లే 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపుతున్నట్టు చెప్పింది. ఆ బండ్లు చవగ్గా కనిపిస్తాయి, నడపడానికీ బాగుంటాయి. కానీ చిన్న సెన్సర్ కోసం చెన్నై నుంచి పార్సిల్ వచ్చేదాకా బండి షెడ్డులో ఉండే పరిస్థితి మీకు కుదురుతుందా అని ఆలోచించుకోండి.

డీజిల్ సంగతి: నెలకు 1,000 కిలోమీటర్లు కూడా తిరగని వాళ్లు పాత డీజిల్ జోలికి పోవద్దు. టర్బో, ఇంజెక్టర్ల పని వస్తే మైలేజీలో మిగిలిందంతా ఒక్క బిల్లుకే పోతుంది.

టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాలను ఒక లెక్కలో కలిపి తిప్పే బెల్ట్) గురించి తప్పకుండా అడగండి. ఆల్టో 800, శాంట్రో జింగ్, 1.1 ఐ10 ఇంజన్లలో బెల్ట్ ఉంటుంది. కె10, 1.2 ఐ10లలో చైన్. బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు కలుపుకోండి.

3. బయల్దేరకముందే ఫోన్లో తేల్చుకోండి

నంబర్ అడిగి ఎంపరివాహన్‌లో కొట్టండి. రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా చెల్లుతుందో కనిపిస్తాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండిని తనిఖీకి చూపించి 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 13 ఏళ్ల బండి కొంటే ఆ పని రెండేళ్లలో మీ మీదే పడుతుంది.

ఎక్కడ రిజిస్టర్ అయిందో కూడా చూడండి. ఏపీ 26 నెల్లూరుది, ఏపీ 27 ప్రకాశంది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ ఏపీ 39 వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బండ్లకు నంబరు చూసి జిల్లా చెప్పలేం.

చెన్నై మనకు దగ్గర, నెల్లూరు నుంచి హైవే మీద మూడు నాలుగు గంటల దారి. అందుకని తమిళనాడు బండ్లు ఇటు చాలా వస్తాయి. 30 వేలు తక్కువ కదా అని తొందరపడొద్దు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదనే పత్రం, ఫారం 28) రావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మారాలి. ఈ లెక్క ముందే వేసుకుంటే ఆ 30 వేలలో మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు. పైగా చెన్నై 2015 డిసెంబరులో మునిగింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మళ్లీ మునిగింది. ఆ తేదీలకు ముందు కొన్న బండి అయితే వరద పరీక్ష రెట్టింపు శ్రద్ధగా చేయండి.

చివరగా ఫోన్లో ఒక మాట చెప్పండి: "రేపు పొద్దున 7 గంటలకు వస్తాం, అంతదాకా బండి స్టార్ట్ చేయొద్దు."

4. చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టండి

పోగానే ముందు చెయ్యి బానెట్ మీద పెట్టండి. వెచ్చగా ఉంటే ఎవరో అప్పటికే స్టార్ట్ చేశారు. వేడి మీద ఉన్న ఇంజన్ తన జబ్బులు దాచేస్తుంది. "పక్కకు తీయడానికి స్టార్ట్ చేశాం" అంటారు. మర్యాదగా ఇంకో పొద్దున వస్తామని చెప్పి వచ్చేయండి.

చల్లగా ఉంటే ఇలా చూడండి:

అ) ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడండి. నల్లగా ఉంటే భయపడొద్దు, అది వాడిన ఆయిల్. గుర్తు కంటే కింద ఉంటే ఆ బండిని ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

ఆ) ఆయిల్ పోసే మూత తిప్పి లోపలివైపు చూడండి. పాలు కలిపిన కాఫీ లాంటి జిగురు ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం అతుకులో ఉండే సీల్) పని ఉండొచ్చు. ఆ బండి వదిలేయండి.

ఇ) కూలెంట్ డబ్బాలో ఆకుపచ్చో, ఎరుపో, నీలమో రంగు కనిపించాలి. తుప్పు నీళ్లు ఉంటే బోరు నీళ్లు పోసి నడిపారన్నమాట. రేడియేటర్ లోపల పాచి కట్టి ఉంటుంది. జాగ్రత్త: ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

ఈ) పెట్రోల్ పైపులు వేళ్లతో వంచి చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత బండ్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. పగుళ్లున్నా, పెట్రోల్ వాసన వచ్చినా పైపులు మార్చాలి. అది చిన్న ఖర్చే.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు సైలెన్సర్ వెనకాల నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. చలికాలం పొద్దున కాసేపు వచ్చి పోయే తెల్ల ఆవిరి మామూలే. స్టార్ట్ కాగానే కటకటమని మోగి, ఆ మోత తగ్గకపోతే మీ మెకానిక్‌కు వినిపించండి.

బండి ఆపకుండా ఏసీ పెట్టి 20 నిమిషాలు నిలిపి ఉంచండి. మన ఎండలకు ఇదే అసలు పరీక్ష. టెంపరేచర్ ముల్లు ఉన్న బండి అయితే అది మధ్యకు వచ్చి ఆగాలి, రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరిగి ఆగుతుండాలి. రోహిణి కార్తెలో ఒంగోలు నుంచి నెల్లూరుకు ఏసీ లేకుండా పిల్లలతో రాలేరు. "గ్యాస్ నింపితే చాలు" అన్న మాట నమ్మొద్దు. గ్యాస్ ఎందుకు పోయిందో చెప్పాలి, లేదా ఏసీ పని పూర్తిగా మీ ఖర్చు కింద ధరలోంచి తీసేయాలి.

5. నీళ్లలో మునిగిందా?

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి పెట్టండి. వరదే అక్కర్లేదు. గట్టి వాన పడితే నెల్లూరులో రైల్వే అండర్ బ్రిడ్జిల కింద నిలిచే నీళ్లలో దిగి ఆగిపోయిన బండ్లు కూడా ఉంటాయి.

- ముందు వెనక సీట్ బెల్టులన్నీ చివరిదాకా లాగండి. బెల్ట్ చివర్లో అడ్డంగా మట్టి గీత, బూజు మచ్చ ఉందేమో చూడండి. సీట్ కవర్లు మారుస్తారు గానీ బెల్టులు ఎవరూ మార్చరు.
- సీటు పట్టాలు, సీటు కింది స్ప్రింగులకు టార్చ్ వేయండి. పైన మెరుస్తూ కింద తుప్పు ఉంటే అనుమానించండి.
- డోర్ దగ్గర కార్పెట్ అంచు ఎత్తి చేత్తో తడమండి. ఒండ్రు దాక్కునే చోటు అదే. ముక్కు దగ్గర పెట్టి వాసన కూడా చూడండి.
- డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత చూడండి. నీటి మరక వలయాల్లా ఉంటుంది.
- ఫ్యూజ్ బాక్స్ మూత తీయండి. పచ్చ చిలుము, సన్న మట్టి కనిపిస్తే ఇక మాట్లాడే పని లేదు.
- హెడ్‌లైట్ లోపల నీటి గీత ఉందేమో చూడండి.

మిగతా గుర్తుల్లో రెండు కనిపించినా, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఇంజన్ పని చేయించొచ్చు, తడిసిన వైరింగ్ మాత్రం ఏళ్ల తరబడి వేధిస్తుంది.

6. తుప్పు, దుమ్ము

మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ల బండ్లకు, రొయ్యల గుంటల దగ్గర తిరిగిన బండ్లకు ఉప్పుగాలి కింద నుంచి తింటుంది. వాటర్ సర్వీసింగ్ దగ్గర ర్యాంప్ ఎక్కించి కింద చూడండి. వాళ్లకు 100 రూపాయలిస్తే కాదనరు. డోర్ల కింది అంచులు, వెనక స్ప్రింగులు కూర్చునే చోట్లు, బ్యాటరీ ట్రే కింద స్క్రూడ్రైవర్ పిడితో నొక్కితే లోపలికి పోకూడదు. కొత్తగా నల్లటి అండర్ కోటింగ్ కొట్టి ఉంటే అది ఏం దాస్తోందో అడగండి.

చీమకుర్తి వైపు బండ్లకు గ్రానైట్ దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ తీసి కొడితే ఎంత రాలుతుందో చూస్తే ఆ ఓనర్ సర్వీసింగ్ చేయించాడో లేదో తెలిసిపోతుంది.

7. గుద్దుకున్న బండా?

చిన్న గీతలు, సొట్టలు ఉన్న బండిని చూసి ముఖం తిప్పుకోవద్దు. నిజానికి పదేళ్ల బండికి అవి ఉండటమే సహజం. తళతళ మెరిసే పదేళ్ల బండినే జాగ్రత్తగా చూడాలి. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని డోర్లు, ఫెండర్ల మీద ఆనించండి. పట్టుకోకుండా జారితే కింద పుట్టీ మందంగా ఉంది. ప్లాస్టిక్ బంపర్లకు ఎలాగూ అతుక్కోదు, అవి లెక్కలోకి రావు.

డోరు తీసి దాని చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ కొంచెం కిందికి లాగండి. పిల్లర్ మీద కంపెనీ వెల్డింగ్ చుక్కలు గుండ్రంగా, సమాన దూరంలో ఉండాలి. అతుకు గరుగ్గా ఉంటే ఆ డోరు వైపు గట్టిగా తగిలింది. బానెట్, ఫెండర్ బోల్టుల మీద పెయింట్ చెక్కుకుపోయి స్పానర్ గుర్తులు ఉంటే విప్పారు. అద్దాల మూలల్లో ముద్రించిన కంపెనీ పేరు, సంవత్సరం అన్నిటికీ ఒకేలా ఉన్నాయా చూడండి. ఒక్క అద్దం వేరేగా ఉంటే ఎందుకు మారిందో అడగండి.

ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివాళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత ఉందో చూడండి. ఇది చాలామందికి తోచని పద్ధతి. వరుసగా 5 ఏళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం వస్తుంది. సున్నా ఉంటే కిందటేడు క్లెయిమ్ చేసి ఉండొచ్చు, పాలసీ మధ్యలో తెగిపోయి ఉండొచ్చు. ఏమైందో అడిగి, చెప్పిన జవాబు బండి మీద కనిపిస్తోందా పోల్చుకోండి.

8. మీటర్ తిప్పారా?

మీటర్ వెనక్కి తిప్పడం చాలా తేలికైన పని. అందుకని మీటర్లో అంకె కంటే పెడల్ రబ్బర్లు, గేర్ రాడ్ తల, స్టీరింగ్ పట్టుకునే చోటు, డ్రైవర్ సీటు అంచు చూడండి. 38,000 అని చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే నమ్మకండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఓనర్‌ను వెంటబెట్టుకుని పోయి సర్వీస్ రికార్డు అడిగితే ఏ తేదీకి ఎంత రీడింగో తెలుస్తుంది. ఓనర్ రానంటే అదే మీకు జవాబు.

టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడి బాగున్నా ఆరేళ్లు దాటిన టైర్లకు మార్చే ఖర్చు లెక్కేసుకోండి.

ట్యాక్సీగా తిరిగి సొంత బండిగా మార్చినవి కూడా వస్తుంటాయి. ఆర్సీలో పాత చరిత్ర అడగండి. నంబర్ ప్లేట్ కింద పసుపు పెయింట్ జాడలు వెతకండి.

9. నడిపి చూడండి, మీరే

అమ్మేవాళ్లు నడిపితే చాలదు. కనీసం 15 కిలోమీటర్లు మీరు గానీ మీ మెకానిక్ గానీ నడపాలి. పాటలు, ఏసీ ఆపేసి అద్దాలు దించండి.

ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ మీద చెయ్యి వదులు చేస్తే బండి తిన్నగా పోవాలి. వెనక ఎవరూ లేనప్పుడు 40 స్పీడులో బ్రేక్ గట్టిగా వేస్తే పక్కకు లాగకూడదు. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా తిప్పండి. టకటకమంటే యాక్సిల్ జాయింట్లు పోయాయి. స్పీడ్ బ్రేకర్లు నెమ్మదిగా ఎక్కించి దించండి, దబదబ చప్పుడు వినండి.

క్లచ్ పరీక్ష: బండి ఆగి ఉండగా హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేరులో పెట్టి క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేట్లు అరిగాయి. ఒక్కసారి చాలు, మళ్లీ మళ్లీ చేస్తే మంచి క్లచ్ కూడా కాలుతుంది. ఎత్తు మీద చూడాలంటే నెల్లూరు వాళ్లకు నరసింహకొండ రోడ్డుంది, గిద్దలూరు వైపు వాళ్లకు నంద్యాల ఘాట్ ఉంది.

తిరిగొచ్చాక మళ్లీ కిందికి టార్చ్ వేయండి. బయల్దేరేముందు లేని చుక్కలు ఇప్పుడు పడుతుంటే గుడ్డపీలికతో అద్ది ఆయిలో, కూలెంటో చూసుకోండి. ఏసీ నీళ్లు కారడం మామూలే.

10. కాగితాలు

చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు అచ్చు పడతాయి. ఆర్సీతో ఒక్కొక్క అక్షరం పోల్చండి. నంబరు చుట్టూ ఆకురాయితో రాసిన జాడలుంటే వెనక్కి తిరగండి.

ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 (ఆర్సీలోంచి ఫైనాన్స్ పేరు తీసేయడానికి) రెండూ మీ చేతికి రావాలి. "లోన్ ఎప్పుడో తీరిపోయింది" అన్న మాట కాగితం కాదు. ఈ-చలాన్లు అమ్మేవాళ్ల చేతే కట్టించండి. ఆర్సీ ఓనర్ చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకు మారాలి (ఫారం 31), ఆ తర్వాతే మీకు. సీఎన్‌జీ ఉంటే ఆర్సీలో అది ఎక్కి ఉండాలి, సిలిండర్‌కు 3 ఏళ్లకోసారి చేసే పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి.

కన్సల్టెన్సీలో (పాత బండ్లు అమ్మిపెట్టే షాపులో) కొంటుంటే ఒక విషయం గట్టిగా పట్టుకోండి. ఎప్పుడో పాత ఓనర్ సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు చూపించి, అంతా సిద్ధంగా ఉందంటారు. ఆ ఓనర్‌తో మీరు ఫోన్లోనైనా మాట్లాడాలి. పేరు మార్పుకు ఓటీపీలు, ఆధార్ కావాల్సి వస్తే ఆయన దొరక్కపోతే ఆర్సీ నెలలకొద్దీ ఆగిపోతుంది.

11. ధర మాట్లాడటం, డబ్బివ్వడం

మీరు చూసిన లోపాలు, వాటికయ్యే ఖర్చు మీ మెకానిక్‌తో ఒక కాగితం మీద రాయించండి. ఆ కాగితం మధ్యలో పెట్టుకుని మాట్లాడండి. బండిని తిట్టకండి. పెంచుకున్న బండిని తక్కువ చేసి మాట్లాడితే ఏ ఓనర్‌కైనా మనసు విరిగిపోతుంది, బేరం అక్కడే ఆగుతుంది.

"ఇంకొకళ్లు సాయంత్రం వస్తున్నారు, ఇప్పుడే బయానా ఇవ్వండి" అంటే, వాళ్లనే కొనుక్కోమనండి. చూపించుకోకుండా ఇచ్చిన బయానా వెనక్కి రావడం కష్టం. డబ్బు బ్యాంకు ద్వారానే, ఆర్సీలో ఉన్న మనిషి ఖాతాకే పంపండి. 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం చట్టప్రకారం కుదరదు కూడా.

డబ్బు పంపేముందు పేరు మార్పు ఫారాలు, అంటే ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద సంతకాలు మీ ఎదుటే చేయించండి. బండి చేతికి తీసుకున్న తేదీ, గంట, మీటర్ రీడింగ్ రాసి ఇద్దరూ సంతకం చేసిన డెలివరీ కాగితం చెరొకటి ఉంచుకోండి. ఆ గంటకు ముందు జరిగినదానికి మీకు, తర్వాత జరిగినదానికి అమ్మినాయనకు అది ఆధారం.

12. తెచ్చుకున్నాక మొదటి నెల

కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. ఇది వాయిదా వేసినవాళ్లు యాక్సిడెంట్ అయినప్పుడు తమ బండి రిపేరుకు క్లెయిమ్ రాక బాధపడతారు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాల్సి ఉంటుంది.

ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ ఒకేసారి మార్పించండి. "మొన్ననే మార్చాం" అన్నా సరే. ఆ రోజు మీటర్ రీడింగ్ రాసి పెట్టుకోండి. తర్వాత వారానికోసారి పొద్దున్నే ఆయిల్ పుల్ల చూడండి. 1,000 కిలోమీటర్లు తిరిగేసరికి గుర్తు ఏమాత్రం కదలకపోతే ఇంజన్ బాగుంది. కిందికి జారుతుంటే మెకానిక్‌కు వెంటనే చూపించండి.

ఆర్సీ మీ పేరుకు మారేదాకా పక్కన పెట్టిన ఆ 35 వేలలో మిగిలింది వేరే ఖర్చుకు తీయకండి.